పాత బుల్లెట్ కిక్‌కి స్టార్ట్ అవ్వట్లేదా? కాస్ట్ ఐరన్ 350 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్న ప్రశ్నలు, జవాబులు పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350 గురించి. 1955లో మద్రాసులో తయారీ మొదలైన ఈ బండి, చిన్న చిన్న మార్పులతో దాదాపు అదే ఇంజిన్‌తో 2010 ప్రాంతం దాకా వచ్చింది. మన ఊళ్ళలో తాతల నాటి బుల్లెట్ అంటే ఎక్కువగా ఇదే. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న కొత్త బళ్ళకి ఈ గొడవలేవీ ఉండవు.

ముందే ఒక మాట. ఈ బండికి కండబలం అక్కర్లేదు. పిస్టన్ ఎక్కడుందో తెలిసి కొట్టిన ఒక్క కిక్, తెలియకుండా కొట్టిన పాతిక కిక్కులకన్నా మేలు. ఆ సంగతి ఒక్కసారి కాలికి తెలిస్తే మిగతావన్నీ దానంతటవే వస్తాయి.

ఈ బండి కిక్కు ఇంత బరువుగా ఎందుకు ఉంటుంది?

సిలిండర్ ఒక్కటే, అదీ పెద్దది. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. ఆ గాలినంతా ఒక్క పిస్టనే నొక్కాలి. కంప్రెషన్ నిష్పత్తి చూస్తే పాత 350లో 6.5 మాత్రమే, ఇప్పటి వంద సీసీ బళ్ళకన్నా తక్కువ. అయినా కాలికి బరువుగా తగలడానికి కారణం నొక్కాల్సిన గాలి మూడు రెట్లకు పైగా ఉండటం.

ఇంకో సంగతి. ఇది ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి రెండు చుట్లకి ఒక్కసారే మండుతుంది. అంటే రెండు చుట్లలో కిక్ రాడ్ గట్టిగా అడ్డుకునే చోటు ఒక్కటే, మిగతా దారంతా తేలిక. ఆ గట్టి చోటు మీద నిలబడి ఎగిరెగిరి దూకేవాళ్ళే అలిసిపోతారు. దాన్ని దాటించి, తేలిక దారి మొదట్లోంచి కొట్టేవాళ్ళకి బండి లొంగుతుంది.

సరైన పద్ధతి ఏమిటి? మొదటి నుంచి చెప్పండి.

బండి మెయిన్ స్టాండ్ మీద వేయండి. సైడ్ స్టాండ్ మీద ఉంచి కొడితే బండి బరువు, మీ బరువు రెండూ ఆ ఒక్క కాడ మీద పడతాయి. అది వంగుతుంది, ఫ్రేము దగ్గర చెవులు కూడా అరుగుతాయి. కాళ్ళకి షూ ఉండాలి. హవాయి చెప్పులతో పాత బుల్లెట్ కిక్ కొట్టడం మంచిది కాదు, ఎందుకో కింద బ్యాక్ కిక్ (రాడ్ వెనక్కి తన్నడం) దగ్గర చెప్పాను.

పెట్రోల్ కాక్ ఆన్ చేసి అర నిమిషం ఆగండి, కార్బురేటర్ గిన్నె నిండుతుంది. న్యూట్రల్ సరిగ్గా పడిందో లేదో బండిని ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. రాత్రంతా నిలబెట్టిన బండైతే క్లచ్ పట్టుకుని కిక్ రాడ్ రెండుసార్లు తొక్కండి. అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడిపోతాయి. ఆ తర్వాత క్లచ్ వదిలేయాలి. ఈ బండిలో కిక్ బలం క్లచ్ గుండానే ఇంజిన్‌కి వెళ్తుంది, అందుకే క్లచ్ పట్టుకుని కొడితే ఇంజిన్ తిరగదు.

ఇంజిన్ చల్లగా ఉంటే చోక్ వేయండి. తాళం ఆఫ్‌లోనే ఉంచి, ఎడమ హ్యాండిల్ మీదున్న చిన్న డీకంప్రెషన్ లివర్ (సిలిండర్లో నొక్కుడు వదిలేసే మీట) పట్టుకుని కిక్ రాడ్ నిదానంగా రెండు మూడుసార్లు కిందిదాకా తొక్కండి. పెట్రోల్ కలిసిన గాలి సిలిండర్లోకి చేరుతుంది, గడ్డకట్టిన ఆయిల్ కాస్త వదులవుతుంది.

ఇప్పుడు అసలు పని. తాళం ఆన్ చేసి హెడ్‌లైట్ దగ్గరున్న అమ్మీటర్ (కరెంటు రాకపోకలు చూపే మీటరు) చూడండి. డీకంప్రెషన్ పట్టుకోకుండా కిక్ రాడ్‌ని కాలితో మెల్లగా నొక్కండి. సీబీ పాయింట్ (కాయిల్‌కి కరెంటు ఇచ్చి ఆపే చిన్న స్విచ్) మూసుకుని ఉన్నంతసేపూ స్పార్క్ పుట్టించే కాయిల్‌లోకి కరెంటు పోతుంది కాబట్టి ముల్లు ఎడమవైపు మైనస్‌లో ఉంటుంది. రాడ్ దిగేకొద్దీ ఒకచోట కాలికింద గట్టిపడుతుంది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే ముల్లు టక్కున మధ్యకి వస్తుంది. పాయింట్ విచ్చుకుందన్నమాట. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే పాయింట్ ఒక్కసారే విచ్చుకుంటుంది, అదీ కంప్రెషన్ చివర్లోనే. అంటే పిస్టన్ పైకి చేరిందని ముల్లే మీకు చెబుతోంది.

అక్కడ ఆగండి. డీకంప్రెషన్ లివర్ పట్టుకుని రాడ్‌ని ఇంకొక్క రెండంగుళాలు నొక్కండి, అంతకుమించి వద్దు. పిస్టన్ పై అంచు దాటి కిందికి తిరిగింది. లివర్ వదలండి. కాలు తేలిక చేసి రాడ్‌ని పూర్తిగా పైకి రానివ్వండి. ఇక పాదం మధ్యభాగం రాడ్ మీద ఉంచి, శరీరం బరువంతా వేస్తూ ఒక్క పొడుగాటి కిక్, కింద చివరిదాకా. మధ్యలో ఆపొద్దు. తన్నినట్టు కాదు, తొక్కినట్టు ఉండాలి.

ఇలా చేయడం వల్ల తర్వాతి కంప్రెషన్ వచ్చేలోపు ఇంజిన్‌కి దాదాపు రెండు చుట్ల ఖాళీ దారి దొరుకుతుంది. ఆ దారిలో బరువైన ఫ్లైవీల్ వేగం పుంజుకుని కంప్రెషన్‌ని అదే దాటేస్తుంది. దాటించే పని మీ మోకాలిది కాదు, ఫ్లైవీల్‌ది.

ఒక జాగ్రత్త: ముల్లు మైనస్‌లో ఉన్నప్పుడు తాళం ఆన్‌లో వదిలేసి ఎవరితోనో మాట్లాడుతూ నిలబడొద్దు. కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఆగితే తాళం ఆఫ్ చేయండి.

మా బండిలో అమ్మీటర్ పనిచేయట్లేదు. అప్పుడెలా?

కాలే అమ్మీటర్. తాళం ఆఫ్ చేసి, డీకంప్రెషన్ వదిలేసి రాడ్ మెల్లగా నొక్కితే గట్టిచోటు స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ లివర్ పట్టుకుని కాస్త దాటించండి, మిగతాదంతా మామూలే. రోజూ బండి తీసేవాళ్ళు కొన్నాళ్ళకి ముల్లు చూడటమే మానేస్తారు. అయినా అమ్మీటర్ బాగు చేయించుకోండి. ఛార్జింగ్ అవుతోందో లేదో చెప్పేది అదొక్కటే.

డీకంప్రెషన్ లివర్ నిజంగా ఏం చేస్తుంది? అది తీసేయమన్నారు మెకానిక్.

తీయకండి. ఆ కేబుల్ లాగితే ఎగ్జాస్ట్ వాల్వ్ కొద్దిగా తెరుచుకుంటుంది, నొక్కిన గాలి సైలెన్సర్లోకి పోతుంది, కంప్రెషన్ ఉండదు. గట్టి చోటు దాటించడానికీ, ఓవర్‌ఫ్లో అయిన పెట్రోల్ బయటికి ఊదడానికీ అదే దిక్కు.

తీసేయమనడానికి కారణం ఎక్కువసార్లు కేబుల్ సెట్టింగే. కేబుల్ బిగుతుగా ఉంటే లివర్ వదిలినా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, సైలెన్సర్లో టపటపలు మొదలవుతాయి, కొన్నాళ్ళకి వాల్వ్ కాలిపోతుంది. హ్యాండిల్ దగ్గర లివర్‌ని వేలితో కదిపితే పట్టుకునే ముందు కొద్దిగా ఖాళీ ఆట ఉండాలి. ఆ ఆట ఉంటే లివర్ వల్ల ఏ నష్టమూ లేదు.

కిక్ కొట్టేటప్పుడు రేజ్ ఇవ్వాలా?

చల్లని ఇంజిన్‌కి అస్సలు వద్దు. చాలామంది కిక్ కొడుతూ చెయ్యి తిప్పుతూనే ఉంటారు, అందుకే బండి రాదు. మిక్‌కార్బ్ కార్బురేటర్లో చోక్ అనేది గాలిని మూసే రేకు కాదు, అదనంగా పెట్రోల్ లాగే చిన్న విడి దారి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పుట్టే పీల్పుతోనే ఆ దారి పనిచేస్తుంది. రేజ్ ఇవ్వగానే పీల్పు పడిపోతుంది, చోక్ వేసినా వేయనట్టే. కాబట్టి చెయ్యి హ్యాండిల్ మీద ఊరికే ఉంచండి.

డిసెంబరులో లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో తెల్లవారుజామున బండి తీయాలంటే చోక్ తప్పదు. 20డబ్ల్యూ-50 ఆయిల్ ఆ చలికి చిక్కబడుతుంది, కాబట్టి తాళం ఆఫ్‌లో కొట్టే ఉత్తి కిక్కులు ఇంకో రెండు మూడు ఎక్కువ కొట్టండి. బండి అందుకున్నాక నిమిషంలోపే చోక్ తీసేయాలి. చోక్ వేసుకునే ఊరు దాటితే ప్లగ్ మసి పట్టి, సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇబ్బంది పెడుతుంది.

పొద్దున ఒక్క కిక్కుకే వస్తుంది. ఎండలో తిరిగి టీకి ఆపితే మాత్రం మళ్ళీ రాదు. ఎందుకు?

వేసవిలో విజయవాడ, రెంటచింతల వైపు ఈ ప్రశ్న అడగనివాళ్ళు ఉండరు. ఇంజిన్ ఆపగానే గాలి తగలడం ఆగిపోతుంది, ఇనుప సిలిండర్ వేడంతా పక్కనున్న కార్బురేటర్‌కి ఎక్కుతుంది. గిన్నెలో పెట్రోల్ ఆవిరై లోపల మిశ్రమం చిక్కబడుతుంది. అప్పుడు చోక్ వేస్తే ఉన్న ఇబ్బందికి ఇంకాస్త కలిపినట్టే.

చోక్ ముట్టుకోకుండా, తాళం ఆఫ్‌లో డీకంప్రెషన్ పట్టుకుని రెండు కిక్కులు కొట్టి లోపలి ఆవిరి ఊదేయండి. తర్వాత పైన చెప్పినట్టే పిస్టన్ దాటించి, ఈసారి మాత్రం రేజ్ పిసరంత తెరిచి కొట్టండి.

అలా చేసినా రాకుండా, అరగంట చల్లారాక మాత్రం ఏమీ జరగనట్టు స్టార్ట్ అయితే తప్పు పెట్రోల్‌ది కాదు. కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వల్ని ఆపే చిన్న డబ్బీ) గానీ కాయిల్ గానీ వేడికి బలహీనపడుతోంది. పాయింట్ మూత తీసి, ఎవరినైనా కిక్ కొట్టమని చూడండి. పాయింట్ల మధ్య పెద్ద తెల్లటి నిప్పురవ్వలు ఎగురుతుంటే ముందు కండెన్సర్ మార్చండి. ఖరీదు తక్కువ, పని చిన్నది.

పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. ఓవర్‌ఫ్లో అయినట్టేనా?

అయినట్టే. కాక్ మూసేయండి. చోక్ తీసేయండి. తాళం ఆఫ్ చేసి, రేజ్ పూర్తిగా తిప్పి పట్టుకుని, డీకంప్రెషన్ లాగి ఏడెనిమిది కిక్కులు కొట్టండి. ఇక్కడ రేజ్ తెరవడమే కావాలి, గాలి ఎక్కువ పోయి తడి ఆరుతుంది. తర్వాత రేజ్ మూసి, కాక్ ఇంకా తెరవకుండానే మామూలు పద్ధతిలో కొట్టండి. గిన్నెలో ఉన్న పెట్రోల్ స్టార్ట్ అవ్వడానికి సరిపోతుంది. అప్పటికీ రాకపోతే ప్లగ్ విప్పి తుడిచి ఆరబెట్టండి. రోజూ ఓవర్‌ఫ్లో అవుతుంటే ఫ్లోట్ దగ్గర నీడిల్ అరిగిందని అర్థం. కిక్కులతో తీరే సమస్య కాదది.

బ్యాక్ కిక్ అంటే భయం. మా బాబాయికి కాలు విరిగింది. దాన్నెలా తప్పించుకోవాలి?

భయపడాల్సిన విషయమే. పిస్టన్ పైకి చేరకముందే మిశ్రమం అంటుకుంటే, ఫ్లైవీల్‌కి దాటే వేగం లేకపోతే, ఇంజిన్ వెనక్కి తిరుగుతుంది. కిక్ రాడ్ కూడా దాంతోపాటు పైకి తంతుంది. ఆ దెబ్బ చీలమండకీ, పిక్కకీ, మోకాలికీ పడుతుంది.

దీనికి సగం కారణం కిక్కు. అరమనసుతో, భయపడుతూ, సగందాకా కొట్టి ఆపే కిక్కులకే బండి ఎక్కువగా తిరగబడుతుంది. కంప్రెషన్ దాటించకుండా నేరుగా గట్టిచోటు మీద కొట్టినా అంతే. కొడితే పూర్తిగా కొట్టండి, లేదంటే కాలు తీసి మళ్ళీ మొదట్నుంచి సర్దుకోండి. మోకాలు ఎప్పుడూ కర్రలా నిటారుగా బిగించొద్దు, కొద్దిగా వంచే ఉంచండి. దెబ్బ వచ్చినా కాలు మడుచుకుంటుంది. కాలివేళ్ళతో కాదు, పాదం మధ్యతో తొక్కండి. షూ ఎందుకన్నానో ఇప్పుడు తెలిసింది కదా.

మిగతా సగం టైమింగ్, అంటే స్పార్క్ వచ్చే సమయం. ఈ ఇంజిన్లో స్టార్టింగ్ దగ్గర పిస్టన్ పై అంచుకి 0.8 మిల్లీమీటర్ల ముందు స్పార్క్ రావాలి, వేగం పెరిగాక ఆటో అడ్వాన్స్ దాన్ని ఇంకా ముందుకి జరుపుతుంది. ఆటో అడ్వాన్స్ స్ప్రింగులు సాగిపోయినా, గ్రీజు ఎండి తూకాలు ఇరుక్కుపోయినా అడ్వాన్స్ వెనక్కి రాదు. అప్పుడు ఎంత నేర్పరి కొట్టినా బండి తంతుంది. పాయింట్ గ్యాప్ ఎక్కువ పెట్టినా టైమింగ్ ముందుకి జరుగుతుంది. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. గ్యాప్ మార్చిన ప్రతిసారీ టైమింగ్ కూడా చూడాలి, ఒకటి కదిపితే రెండోది కదులుతుంది. కంటి అంచనాతో గ్యాప్ పెట్టే మెకానిక్ దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) వాడమని మొహమాటం లేకుండా అడగండి. మీ కాలు అది.

వరసగా రెండుసార్లు తిరగబడిందంటే ఆ రోజుకి కిక్ ఆపేసి టైమింగ్ చూపించాల్సిందే.

నేను సన్నగా ఉంటాను. అమ్మాయిని. నావల్ల అవుతుందా?

తప్పకుండా అవుతుంది. పిస్టన్ దాటించాక రాడ్ మీద పడాల్సింది శరీరం బరువు, తొడల బలం కాదు. బండి మెయిన్ స్టాండ్ మీద ఉంచి, ఎడమకాలు ఎడమ ఫుట్‌రెస్ట్ మీద పెట్టి పైకి లేచి నిలబడండి. రెండు చేతులూ హ్యాండిల్ మీద, కుడికాలు రాడ్ మీద. అక్కడ్నుంచి బరువు కిందికి వదలండి. మొదట్లో తాళం ఆఫ్‌లో ఉంచి, డీకంప్రెషన్ పట్టుకుని రాడ్ పూర్తి దూరం తొక్కడం సాధన చేయండి. తర్వాత గట్టిచోటు వెతకడం. తాళం ఆన్ చేయడం అన్నిటికన్నా చివర.

పక్కన నిలబడి "ఇంకా గట్టిగా" అని అరిచేవాళ్ళని దయచేసి దూరంగా ఉండమనండి. వాళ్ళు చెప్పేది తప్పు. మోకాలి నొప్పి, పాత దెబ్బలు ఉన్నవాళ్ళు మాత్రం పంతానికి పోవద్దు, ఆ పని ఇంకొకరికి ఇవ్వండి.

అంతా సరిగ్గా చేశాను, అయినా రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పది కిక్కులకి రాని బండి వందకి కూడా రాదు. ఆగి, వెతకండి. స్పార్క్, పెట్రోల్, కంప్రెషన్: ఈ మూడింట్లో ఏదో ఒకటి లేదు.

మొదట స్పార్క్. ప్లగ్ విప్పి దాని మూతి చూడండి. బిస్కెట్ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, మండట్లేదు. పొడిగా, శుభ్రంగా ఉండి బండి రావట్లేదంటే పెట్రోలే రావట్లేదు. ఈ ఒక్క చూపుతో సగం వెతుకులాట తప్పుతుంది. గ్యాప్ 0.5, 0.6 మిల్లీమీటర్ల మధ్య పెట్టి, ప్లగ్‌ని క్యాప్‌లో బిగించి, దాని ఒంటిని సిలిండర్ హెడ్‌కి ఆనించి కిక్ కొట్టండి. ప్లగ్ బొక్కకి దూరంగా పట్టుకోండి, అక్కడ్నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. నీలంగా, చిటుక్కుమని చప్పుడుతో వస్తే మంచి స్పార్క్. ఎర్రగా, పసుపుగా, నీరసంగా వస్తే బ్యాటరీ, పాయింట్, కండెన్సర్ వరసగా చూడాలి.

బ్యాటరీని తేలిగ్గా తీసుకోవద్దు. కిక్ బండికి బ్యాటరీ ఎందుకు అనుకుంటారు గానీ ఈ బుల్లెట్ స్పార్క్ బ్యాటరీ మీదే నడుస్తుంది. 12 వోల్ట్ బ్యాటరీ నిలకడగా 12.6 చూపించాలి, 12కి దిగిందంటే ఛార్జింగ్ పెట్టాలి. హారన్ గొంతు మారిందంటే మీటర్ కూడా అక్కర్లేదు.

పాయింట్ల ముఖం మీద నల్లటి పొర ఉంటే జీరో ఎమరీతో మెల్లగా రుద్ది, పెట్రోల్‌లో ముంచిన అట్టముక్కని రెండింటి మధ్య లాగి తుడవండి. ఎమరీ పొడి లోపల మిగిలితే మళ్ళీ అదే రోగం.

పెట్రోల్ సంగతి: కార్బురేటర్ గిన్నె కింద స్క్రూ వదులు చేసి చిన్న గాజు సీసాలో పట్టండి. అడుగున నీటి బొట్లో తుప్పో కనిపిస్తే ట్యాంకు, కాక్ జాలీ శుభ్రం చేయాలి. స్లో జెట్ రంధ్రం వెంట్రుకంత ఉంటుంది, అది మూసుకుపోతే బండి చోక్ మీద తప్ప నిలబడదు. దాన్ని తీగతో పొడవొద్దు, గాలి కొట్టించండి. ట్యాంకు మూతకున్న గాలిరంధ్రం మూసుకుపోయినా పెట్రోల్ దిగదు. మూత వదులు చేసి చూస్తే తేలిపోతుంది.

ఇక కంప్రెషన్. గట్టిచోటు దగ్గర బరువు పెట్టి నిలబడితే రాడ్ కాసేపైనా మిమ్మల్ని ఆపాలి. వెంటనే మెత్తగా దిగిపోతుంటే ముందు డీకంప్రెషన్ కేబుల్, తర్వాత ట్యాపెట్లు (వాల్వ్‌ల్ని తెరిపించే భాగాలు) చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పిస్టన్ కంప్రెషన్ పైన ఉంచి, సిలిండర్ పక్కనున్న ట్యాపెట్ మూత తీస్తే రెండు పుష్ రాడ్లు కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ బొటనవేలు, చూపుడువేలితో పట్టి తిప్పండి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఎగ్జాస్ట్‌ది ఒక పిసరు వదులుగా ఉన్నా ఫర్వాలేదు. తిప్పుతుంటే పట్టేస్తోందంటే వాల్వ్ మూసుకోవట్లేదు, మీరు నొక్కిన గాలంతా అక్కడే పోతోంది. ఈ ఒక్క సర్దుబాటుతో బాగుపడ్డ బళ్ళు చాలా ఉన్నాయి, ఇంజిన్ విప్పాలని చెప్పించుకున్నవి కూడా. అదీ సరిగ్గా ఉంటే అప్పుడు రింగులు, వాల్వ్ సీట్ల గురించి ఆలోచించాలి.

కిక్ కొడితే రాడ్ జారిపోతోంది, ఇంజిన్ తిరగట్లేదు.

కాలికింద కటకటమని పళ్ళు జారిన శబ్దం వస్తే కిక్ రాట్చెట్ అరిగింది. శబ్దం లేకుండా మెత్తగా జారితే క్లచ్. ముందు క్లచ్ కేబుల్‌కి కాస్త ఆట ఇచ్చి చూడండి, ఆ తర్వాతే ప్లేట్లు.

ఏడాదిగా షెడ్డులో ఉన్న బండి. తీసి నేరుగా కిక్ కొట్టొచ్చా?

వద్దు. పాత పెట్రోల్ మొత్తం తీసేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమని పీలుస్తుంది, పాత రబ్బరు పైపుల్నీ సీళ్ళనీ మెత్తబరుస్తుంది. నెల దాటి బండి ఆపుతున్నారంటే కాక్ మూసి, గిన్నెలోది అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపడం అలవాటు చేసుకోండి.

ప్లగ్ తీసి ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోయండి. ప్లగ్ లేకుండానే, తాళం ఆఫ్‌లో, మెల్లగా ఓ ఇరవై కిక్కులు. రింగులు వదులవుతాయి, ఆయిల్ పైకి చేరుతుంది. రాడ్ మరీ బరువుగా దిగుతుంటే ఇంకో అనుమానం పడాలి: ఎక్కువ రోజులు ఆగిన కొన్ని బుల్లెట్లలో ఆయిల్ ట్యాంకులోంచి కారి క్రాంక్‌కేస్‌లో నిండుతుంది. అప్పుడు కింద డ్రెయిన్ బోల్టు విప్పి తీసేసి, కొత్త ఆయిల్ పోసుకోవాలి. అలాగే స్టార్ట్ చేస్తే వీధంతా పొగ.

వరద నీళ్ళలో మునిగింది. ఆరింది కదా, కొట్టనా?

దయచేసి కొట్టొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్నో బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. గాలిలా నీళ్ళు నలగవు. సిలిండర్లో నీళ్ళుండగా కిక్ కొట్టినా, తోసి స్టార్ట్ చేయబోయినా కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ముందు ప్లగ్ విప్పి నీళ్ళు బయటికి పోనివ్వాలి. ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్, ప్రైమరీ కేసు అన్నీ ఖాళీ చేయాలి. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో వస్తే నీళ్ళు కలిసినట్టే. కార్బురేటర్, ట్యాంకు, పాయింట్ బాక్స్ శుభ్రమయ్యాకే కిక్ మాట. ఆలస్యం మాత్రం చేయొద్దు, బేరింగులు తుప్పు పడతాయి.

తోసి స్టార్ట్ చేయొచ్చా?

చేయొచ్చు, అదీ డీకంప్రెషన్‌తోనే. రెండో గేరు వేసి, క్లచ్ పట్టుకుని తోయండి. వేగం అందుకోగానే డీకంప్రెషన్ లాగి ఉంచి క్లచ్ వదలండి, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. అప్పుడు డీకంప్రెషన్ వదలండి. మొదటి గేరులో చేస్తే వెనక చక్రం బిగుసుకుని జారుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన బండిని మాత్రం తోసి లాభం లేదు.

ఇవే పద్ధతులు పాత యెజ్డీ, రాజ్‌దూత్‌లకి పనికొస్తాయా?

చాలావరకు పనికిరావు. అవి టూ స్ట్రోక్ ఇంజిన్లు, ప్రతి చుట్టుకీ మండుతాయి. వాటికి ఈ గట్టిచోటు దాటించే తతంగం అక్కర్లేదు. వాటి గొడవ ఎక్కువగా ప్లగ్‌తోనే, పెట్రోల్లో ఆయిల్ ఎక్కువ కలిపితే తడిసిపోతుంది. యెజ్డీలో ఎడమవైపు గేర్ రాడ్డే కిక్ రాడ్ కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పి కొట్టాలి, తర్వాత మళ్ళీ గేరు స్థానానికి తెచ్చుకోవాలి. కొత్తవాళ్ళు అక్కడే తికమకపడతారు.

పాత బుల్లెట్ కొనడానికి వెళ్తున్నాను. కిక్ దగ్గర ఏం చూడాలి?

వస్తున్నానని చెప్పి, బండి స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. వెళ్ళగానే సిలిండర్ రెక్కల మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే వేడి చేశారు. ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి. చల్లటి బండిని మొదట యజమానినే కొట్టమనండి, ఆయన ఎన్ని కిక్కులు కొడుతున్నాడో, డీకంప్రెషన్ వాడుతున్నాడో లేదో గమనించండి. తర్వాత మీరు గట్టిచోటు మీద నిలబడి కంప్రెషన్ చూడండి. అమ్మీటర్ ముల్లు కదులుతోందా, స్టార్ట్ అయ్యాక కాస్త రేజ్ ఇస్తే ప్లస్ వైపు వెళ్తోందా అన్నది కూడా చూడాలి. రంగు, క్రోమ్ డబ్బులిస్తే వస్తాయి.

టూల్ బాక్స్‌లో ఏం పెట్టుకోవాలి?

ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్, జీరో ఎమరీ ముక్క, స్క్రూడ్రైవర్, పొడి గుడ్డ. విడిగా ఒక ప్లగ్, ఒక సీబీ పాయింట్ సెట్టు, ఒక కండెన్సర్, క్లచ్ కేబుల్. కొత్త ప్లగ్‌ని డబ్బాలోంచి తీసి గ్యాప్ పెట్టి, అదే బండికి బిగించి ఒకసారి నడిపి చూశాకే టూల్ బాక్స్‌లో వేయండి. చీకట్లో, రోడ్డు పక్కన, ఆ ప్లగ్ పనిచేస్తుందన్న నమ్మకం అప్పుడే ఉంటుంది.